చూడదగిన యుద్ధ చిత్రములు

దూరపు కొండలు నునుపని మన సామెత. కొండల మాట యెట్లున్నను, యుద్ధము విషయమున ఈ సామెత ముమ్మాటికిని సత్యము. తుపాకిమ్రోత చెవి సోకనంత దూరమున కూర్చుండి చూచువానికి యుద్ధమును మించిన వినోదము లేదు. చిత్రశాలలో దీపములారును. తెరపై విమానములు గిరికీలు కొట్టును, శకటములు నేలను దున్నుకొనుచు వచ్చును. మన పక్షమువాడు గురి తప్పక కొట్టినప్పుడు మనము చప్పట్లు చరతుము. ఆట ముగిసిన పిదప మన వెంట వచ్చిన పిల్లవాడు చూపుడువ్రేలు తుపాకివలె చాచి, దారిన పోవువారినందరిని కాల్చుచు ఇల్లు చేరును. ఒకప్పుడు మేమును అట్టి పిల్లలమే. పెద్దవారమైన పిదపను యుద్ధ చిత్రములన్న మాకు మక్కువ తగ్గలేదు. ఈ మక్కువకు సిగ్గుపడవలెనా? ఏ చిత్రములు చూడదగినవి, ఏ కారణమున చూడదగినవి? ఈ ప్రశ్నలను శ్రోతలతో కలిసి ఆలోచింపవలెనని మా తలంపు.

ఈ విచారమునకు కొలబద్ద కొరకు మనము దూరము పోనక్కరలేదు. అది మన భారతములోనే కలదు. కురుక్షేత్ర యుద్ధమును చూచుటకు వ్యాసుడు ఇద్దరికి దివ్యదృష్టి ప్రసాదించెను. మొదటివాడు సంజయుడు. అతడు రాజమందిరమున ధృతరాష్ట్రుని చెంత నుండియే యుద్ధమునంతయు చూచి చెప్పెను. ఎవరెవరిని ఎన్ని బాణములతో కొట్టిరి, ఏ రథము విరిగెను, ఏ వ్యూహము చెదరెను అనునది అతని వార్త. రెండవ వ్యక్తి గాంధారి. యుద్ధము ముగిసిన పిమ్మట స్త్రీపర్వమున ఆమెకును దివ్యదృష్టి కలిగెను. ఆమె చూచినది వ్యూహములను కాదు. పడియున్న పీనుగులను, వాని చుట్టు విలపించుచున్న స్త్రీలను ఆమె చూచెను. తన కుమారుల కొరకు మాత్రమే ఆమె ఏడ్వలేదు. అభిమన్యుని తలను ఒడిలో పెట్టుకొనియున్న ఉత్తరను చూచి, శత్రువు బిడ్డ కొరకును ఏడ్చెను.

సంజయుని చూపు ఒకటి, గాంధారి చూపు మరియొకటి. యుద్ధ చిత్రములలో నూటికి తొంబది సంజయుని చూపుతోనే ముగియును. ఎవరు గెలిచిరి, ఎట్లు గెలిచిరి అను కుతూహలము తీరగానే తెరవ్రాలును. గాంధారి చూపును కూడ ఇచ్చు చిత్రములు కొలదిగా కలవు. చూడదగినవి యని మేము చెప్పదలచినవి అవియే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. నిజముగా యుద్ధమును నిరసించు చిత్రమును తాను చూడలేదనియు, యుద్ధమును తెరకెక్కించిన ప్రతి చిత్రమును తుదకు యుద్ధమునకే అనుకూలమగుననియు ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో 1973లో అభిప్రాయపడెను. తెరపై కదలినదెల్ల కంటికి ఇంపగును. మంటయు ఇంపే, ప్రేలుడును ఇంపే. అమెరికా మెరైన్ దళ సైనికుడుగా గల్ఫ్ యుద్ధమునకు పోయిన ఆంథనీ స్వాఫర్డ్ 2003లో ప్రకటించిన తన జ్ఞాపకములలో ఒక సంగతి వ్రాసెను. 1990లో యుద్ధవార్త తెలియగానే అతడును తోటి సైనికులును వియత్నాము యుద్ధముపై తీసిన చిత్రములను తెప్పించుకొని చూచిరట. ఆ చిత్రములను తీసినవారు యుద్ధపు ఘోరమును చూపుటకే తీసిరి. కాని యుద్ధమునకు పోనున్న ఆ యువకులకు అవి ఉత్సాహమునే ఇచ్చినవి. కావున ఘోరమును చూపినంత మాత్రమున సరిపోదు. ఎవరి ఘోరమో, అది ఎవరి ఇంటికి చేరినదో కూడ చూపవలెను.

ఈ వరుసలో మొదట చెప్పవలసినది 1930లో వచ్చిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'. పశ్చిమ రంగమున అంతయు ప్రశాంతమని ఆ పేరునకు అర్థము. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన జర్మను రచయిత ఎరిక్ మరియా రెమార్క్ వ్రాసిన నవలను లూయీ మైల్‌స్టన్ అమెరికాలో చిత్రముగా తీసెను. మాటలు వచ్చిన తొలినాళ్ల చిత్రమది. ఉత్తమ చిత్రమునకును, ఉత్తమ దర్శకునికిని ఆస్కారు బహుమతులను పొందెను. పాఠశాలలో ఉపాధ్యాయుడు దేశభక్తిని గూర్చి ఆవేశముగా ఉపన్యసించును. పిల్లలు పుస్తకములు పారవైచి సైన్యమున చేరుదురు. తరువాత ఒక్కొక్కడే రాలిపోవును. ఒకని మంచి బూట్లు, వాడు చనిపోగా, మరియొకనికి వచ్చును. వాడును పోగా ఇంకొకనికి చేరును. బూట్లు చెక్కుచెదరక నిలిచినవి, తొడుగుకొనినవారే లేరు.

ఈ చిత్రమున మరపురాని ఘట్టమొకటి కలదు. పాల్ అను జర్మను కుర్రవాడు గుండుదెబ్బకు ఏర్పడిన గోతిలో దాగియుండగా ఒక ఫ్రెంచి సైనికుడు ఆ గోతిలోనికి దుమికెను. పాల్ భయముతో వానిని పొడిచెను. కాని వాడు వెంటనే చావలేదు. పైన గుండ్లు కురియుచుండుటచే పాల్ బయటికి పోలేడు. రాత్రియెల్ల తాను పొడిచినవాని ప్రక్కనే గడపవలసివచ్చెను. నీళ్లు త్రాగించును, బ్రతుకుమని వేడుకొనును, క్షమింపుమని ప్రాధేయపడును. తుదకు వాని జేబులో భార్యయు బిడ్డయు నున్న ఛాయాచిత్రము దొరకును. అంతవరకు ఒక శత్రువు మాత్రమైనవాడు ఆ క్షణమునుండి ఒక పేరు, ఒక ఇల్లు గల మనుష్యుడయ్యెను. ఆ ఫ్రెంచి సైనికుని పాత్రను రేమండ్ గ్రిఫిత్ ధరించెను. ఇతడు మూగచిత్రముల కాలమున పేరుపొందిన హాస్యనటుడు. గొంతు దెబ్బతినినందున మాటల చిత్రములలో రాణింపలేకపోయెను. ఈ పాత్రలో ఒక్క మాటయు లేదు. నవ్వించుటకు అలవాటుపడిన ఆ ముఖము చచ్చి తెరచిన కన్నులతో మనవైపు చూచుచుండును.

అటుపిమ్మట పాల్ సెలవుపై ఇంటికి వచ్చును. అదే పాఠశాల, అదే ఉపాధ్యాయుడు, అవే మాటలు. యుద్ధమన నేమో చెప్పబోయిన పాల్‌ను క్రొత్త విద్యార్థులు పిరికివాడందురు. మా దృష్టిలో ఈ ఘట్టము పోరాట ఘట్టములకంటె భయంకరమైనది. 2022లో ఇదే నవలను జర్మనులే చిత్రముగా తీసిరి. సాంకేతికముగా అది ఎంతో గొప్పది, దానికిని ఆస్కారు లభించినది. కాని పాల్ సెలవుపై ఇంటికి వచ్చు భాగమును వారు విడిచిపుచ్చిరి. బురదయు, నెత్తురును ముందటికంటె ఎక్కువయ్యెను. ఇంటి గడప కనబడకపోయెను. మాకది లోటుగనే తోచినది.

మంచి చిత్రము చేయగల పని యేమో తెలియవలెనన్న, దానికి భయపడినవారెవరో చూడవలెను. 1930 డిసెంబరులో ఈ చిత్రము బెర్లినులో ప్రదర్శింపబడినప్పుడు గోబెల్స్ నాయకత్వమున నాజీలు చిత్రశాలలో దుర్గంధపు బుడ్లు పగులగొట్టి, తెల్ల ఎలుకలను వదలి అల్లరి చేసిరి. ఆ నెలలోనే అక్కడ చిత్రము నిషేధింపబడెను. పాల్ పాత్ర ధరించిన ల్యూ ఐర్స్ కథయు చెప్పదగినదే. రెండవ ప్రపంచయుద్ధము రాగా అతడు ఆయుధము పట్టనని చెప్పెను. జనులు దూషించిరి, కొన్ని చిత్రశాలలు అతని చిత్రములను ఆడనీయలేదు. తరువాత అతడు వైద్యదళమున చేరి పసిఫిక్ యుద్ధరంగమున క్షతగాత్రులకు సేవచేసెను. సినిమా ఎవరినీ మార్చదనువారు ఈ నటుని తలచుకొనవలెను.

రెండవది ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ 1937లో తీసిన 'లా గ్రాండ్ ఇల్యూజన్'. మహాభ్రమ యని దాని పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. ఇది యుద్ధ చిత్రమే, కాని ఇందు యుద్ధము ఒక్కటియు కనబడదు. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనులకు చిక్కిన ఫ్రెంచి బందీల కథ యిది. రెన్వార్ తానే ఆ యుద్ధమున విమానము నడిపినవాడు. తన పాత సైనికపు కోటునే నాయకపాత్రధారి జాన్ గాబెన్ చేత తొడిగించెను.

బందీఖానా యైన కోటకు అధిపతి రాఫెన్‌స్టైన్ అను జర్మను ప్రభువంశీయుడు. బందీలలో బోయెల్డ్యూ అను ఫ్రెంచి ప్రభువంశీయుడు కలడు. దేశములు వేరైనను వంశమర్యాదలు ఒక్కటియగుటచే వారిరువురు స్నేహితులగుదురు. కాని తన తోటి బందీలు పారిపోవుటకై బోయెల్డ్యూ కోటగోడలపై ఎక్కి పిల్లనగ్రోవి ఊదుచు కావలివారి చూపును తనవైపు త్రిప్పుకొనును. దిగి రమ్మని రాఫెన్‌స్టైన్ బ్రతిమాలును. తుదకు కర్తవ్యమని కాల్చును. కాలికి గురిపెట్టితిని, కడుపున తగిలెనని మరణశయ్య చెంత క్షమాపణ కోరును. ఆ రాతికోటలో అతడు ప్రేమతో పెంచుకొనుచున్న పూలకుండి యొక్కటి కలదు. మిత్రుడు కన్నుమూసిన పిమ్మట అతడు చేసినది, ఆ ఒక్క పూవును కత్తిరించుట. అంతకుమించిన మాట ఒక్కటియు లేదు.

పారిపోయిన ఇరువురు ఒక జర్మను రైతు స్త్రీ యింట తలదాచుకొందురు. ఆమె భర్తయు, సోదరులును యుద్ధమున చనిపోయిరి. వారు మరణించిన తావులన్నియు జర్మను సేనల గొప్ప విజయములుగనో, ఘనమైన పోరాటములుగనో పేరు మోసినవే. ఆ ఛాయాచిత్రములను చూపి, ఇప్పుడు ఆమె ఇంటి భోజనపు బల్లను చూపుదురు. అది ఒకప్పుడు సరిపోయిన బల్ల. నేడు తల్లికిని చిన్నబిడ్డకును మరీ పెద్దదైపోయినది. స్త్రీపర్వము పాడుటకు రెన్వారునకు వంద చితులు అక్కరలేకపోయెను, ఒక్క బల్ల చాలెను. తుది దృశ్యమున ఆ ఇరువురు మంచులో స్విట్జర్లాండు వైపు నడచిపోదురు. జర్మను సైనికుడొకడు గురిపెట్టును. వారు సరిహద్దు దాటిరి, కాల్చవలదని తోటివాడు వారించును. తెల్లని మంచుపై ఆ సరిహద్దు ఎచ్చటనున్నదో మన కంటికి కనబడదు.

ఈ చిత్రపు మూలఫిలిము చరిత్రయు ఒక బందీ చరిత్ర వంటిదే. ఫ్రాన్సును ఆక్రమించిన జర్మనులు దానిని బెర్లినునకు తరలించిరి. యుద్ధానంతరము అది రష్యనుల చేతికి చిక్కెను. అచ్చటినుండి మరల ఫ్రాన్సునకు చేరి, తులూజ్ నగరపు చిత్రాగారమున ఎవరును గుర్తింపక చాలకాలము పడియుండెను. దశాబ్దముల పిమ్మట అది బయటపడుటచే నేడు మనము ఈ చిత్రమును స్పష్టముగా చూడగలుగుచున్నాము.

ఇక రష్యనుల చిత్రమొకటి చెప్పుకొందము. 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' అను పేర లోకమునకు తెలిసిన ఈ చిత్రమును గ్రిగొరీ చుఖ్రాయ్ 1959లో తీసెను. ఇతడును రెండవ ప్రపంచయుద్ధమున పోరాడి గాయపడినవాడే. కథ మిక్కిలి చిన్నది. అల్యోషా అను పందొమ్మిదేండ్ల కుర్రవాడు రెండు శత్రుశకటములను ధ్వంసము చేసెను. ధైర్యముచే కాదు, ప్రాణభయముచే చేసెను. సేనాధిపతి పతకమిచ్చెదననగా, పతకము వలదు, ఒక్కసారి ఇంటికి పోయి అమ్మను చూచి, కారుచున్న ఇంటికప్పు బాగుచేసి వచ్చెదనని అడిగెను. పోవుటకు రెండు, వచ్చుటకు రెండు, కప్పుపనికి రెండు, మొత్తము ఆరు దినముల సెలవు దొరకెను.

మిగిలిన కథయంతయు ఆ దారియే. కాలు పోగొట్టుకొని భార్యకు ముఖము చూపలేక వెనుదీయుచున్న సైనికునికి తోడుండుటలో కొంత కాలము పోయెను. ఒక సైనికుడు తన భార్యకిమ్మని సబ్బు బిళ్ళలు పంపెను. యుద్ధకాలమున సబ్బు బంగారముతో సమానము. ఆ చిరునామాకు పోగా ఆమె పరపురుషునితో నుండుట కనబడెను. అల్యోషా మెట్లు దిగిపోయినవాడు మరల వెనుకకు వచ్చి, ఆ సబ్బును తీసికొనిపోయి సైనికుని ముసలి తండ్రికిచ్చును. ఆ తండ్రికి ఊరట కలుగునట్లు మాటాడును. ఇట్లు ఆరు దినములు కరిగిపోగా, ఊరు చేరునప్పటికి కొన్ని నిమిషములే మిగిలెను. తల్లి చేలలోనుండి పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనును. కప్పు బాగుపడలేదు. అతడు వెడలిపోయెను. అతడు తిరిగిరాడని, పరాయిగడ్డపై పూడ్చబడెనని చిత్రారంభముననే మనకు చెప్పియున్నారు. అందుచే ఆ ఆరు దినములలో ప్రతి గంటయు మనకు ప్రాణముతో సమానమగును. కారు ఇంటికప్పును ఎరుగని తెలుగు ఇల్లు లేదు కదా! అందుచేతనే ఈ రష్యను తల్లి మనకు పరాయిది కాదు.

ఇప్పుడు తూర్పునకు వత్తము. బర్మా మనకు దూరదేశము కాదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పొట్టకూటికై రంగూను పోయిన మనవారిని అచ్చటివారు కోరంగీలనియే పిలిచెడివారు. 1942లో జపాను సేనలు రాగా లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. దారిలో వేలమంది రాలిపోయిరి. వారిలో తెలుగువారును కలరు. ఆ బర్మాలోనే యుద్ధము ముగిసిన నాటి కథ 'బర్మీస్ హార్ప్'. మిచియో తకెయామా నవలను కాన్ ఇచికావా 1956లో చిత్రించెను.

జపాను దళమునకు నాయకుడు సంగీతము చదివినవాడు. సైనికులకు పాటలు నేర్పెను. మిజుషిమా అను సైనికుడు బర్మా వీణ వాయించును. ఒక రాత్రి ఆంగ్లసేన చుట్టుముట్టగా జపానువారు ఇంటిని తలచుకొను పాటను పాడుదురు. అది ఆంగ్లేయుల వరుసయే యగుటచే చీకటిలోనుండి శత్రువులును తమ భాషలో గొంతు కలుపుదురు. అప్పటికే యుద్ధము ముగిసినదని తెలియును. తరువాత దళమునకు దూరమైన మిజుషిమా బౌద్ధభిక్షువు వేషమున నడచిపోవుచు, దారి పొడవునను దిక్కులేక పడియున్న జపాను సైనికుల శవములను చూచును. చూడలేక కన్నులు మూసికొని పారిపోవును. కాని ఒకచోట ఆంగ్ల వైద్యశాలవారు పేరు తెలియని జపాను సైనికునికి గోరీ కట్టి ప్రార్థనాగీతము పాడుచుండుట కనబడెను. శత్రువులే కర్మ చేయుచుండగా తాను పారిపోవుటా? అతడు వెనుకకు మరలి, వేషమును నిజము చేసికొని, పీనుగులను పూడ్చుటకు బర్మాలోనే నిలిచిపోయెను. కురుక్షేత్రమున దిక్కులేని పీనుగులకు దహనసంస్కారము చేయించి, తిలోదకములు విడిచిన ధర్మరాజు మనకు గుర్తురాక మానడు.

అయినను ఈ చిత్రమున ఒక లోపము కలదు. కథ జరిగినది బర్మాలో. కాని బర్మా జనులు కథ అంచున మాత్రమే ఉందురు. జపాను సేనలు వారికేమి చేసినది ఇందు తెలియదు. మూడేండ్లకే ఇచికావా 'ఫైర్స్ ఆన్ ది ప్లెయిన్' అను మరియొక చిత్రమున ఫిలిప్పీన్సులో ఆకలిచే మనుష్యులు మనుష్యులను తినుటను దాచక చూపెను. ఇట్టి లోపమే డేవిడ్ లీన్ 1957లో సింహళమున తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'లోను కలదు. తన పనితనముపై గర్వముచే శత్రువునకే గట్టి వంతెన కట్టియిచ్చిన ఆంగ్ల కర్నలు పాత్ర చిరస్మరణీయమే. కాని ఆ సయాము-బర్మా రైలుమార్గమున మరణించినవారు ఆంగ్లాది బందీలు పండ్రెండు వేలకు పైగా కాగా, మలయా రబ్బరుతోటల భారతీయ కూలీలతో సహా ఆసియావాసులు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. చిత్రమున వారి ఊసు దాదాపు లేదు. చిత్రము చూచునప్పుడు తెరపైనున్నవారినే కాక, తెరపైకి రానివారిని కూడ తలచుట మన విధి.

మన దేశపు చిత్రములకు వత్తము. చేతన్ ఆనంద్ 1964లో తీసిన 'హకీకత్' 1962 చైనా యుద్ధపు కథ. లడఖ్ మంచుకొండలలో మనవారు వెనుకకు తగ్గుట, ఓడుట ఇందలి విషయము. ఓటమిపై చిత్రము తీయుటకు సాహసము కావలెను. అదియు గాయము మానని రెండేండ్లకే. రాత్రివేళ సైనికులు ఇంటివారిని తలచుకొని పాడు పాటకు మదన్‌మోహన్ నలుగురు గాయకులచే గొంతిప్పించెను. ఒక్కని బెంగ కాక దళమంతటి బెంగ వినబడును. ఎదుటి పక్షమునకు మాత్రము ఇందు ముఖము లేదు. తెలుగులో 2015లో క్రిష్ తీసిన 'కంచె' వేరొక దారి పట్టినది. పల్లెలో కులములు కట్టిన కంచెను, ఐరోపాలో జాతులు కట్టిన కంచెను ఒకే కథలో చేర్చినది. యుద్ధము సరిహద్దున పుట్టదు, ఇంటి పెరటిలోనే మొలచునని చెప్పుటకు చేసిన ఆ యత్నము మెచ్చదగినది.

తుదకు రెండు జలాంతర్గాముల చిత్రములు. ఒకటి జర్మను దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన 'దాస్ బోట్'. రెండవ ప్రపంచయుద్ధపు జర్మను జలాంతర్గామి నావికులు నలువదివేలమందిలో ముప్పదివేలమంది తిరిగిరాలేదని చిత్రారంభమున అక్షరములు కనబడును. లాస్ ఏంజెలెస్ నగరమున తొలి ప్రదర్శనలో ఆ అంకెను చూచి ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరని దర్శకుడే తరువాత చెప్పుకొనెను. శత్రువులు చచ్చిరని వారి సంతోషము. తరువాత రెండున్నర గంటలు ఆ ఇనుపగొట్టములో, కమరు నూనెవాసనలో, పైనుండి పడు ప్రేలుడు పీపాల చప్పుడులో వారు ఆ నావికులతో గడపిరి. వీరు ముంచిన ఓడపైనుండి కాలుచు నీటిలోనికి దుముకుచున్న ఆంగ్ల నావికులను, వారిని రక్షింపలేక వెనుకకు తగ్గిన ఈ నావికుల ముఖములను చూచిరి. చిత్రము ముగియగా అదే ప్రేక్షకులు లేచి నిలబడి మరల చప్పట్లు కొట్టిరట. మొదటి చప్పట్లకును, తుది చప్పట్లకును నడుమనున్న దూరమే ఆ చిత్రము యొక్క విలువ. ట్రూఫో ఆక్షేపణకు మాకు తెలిసిన సమాధానము ఇంతకంటె వేరొకటి లేదు.

రెండవది మన విశాఖపట్టణపు కథ. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు చెంత మునిగిపోయెను. మన యుద్ధనౌక రాజపుత్ వేసిన ప్రేలుడు పీపాలచే మునిగెనని మనవారు చెప్పుదురు; లోపలి ప్రేలుడు వలననో, తాను పరచిన మందుపాతర వలననో మునిగెనని పాకిస్తానువారందురు. సంకల్ప్ రెడ్డి 2017లో తెలుగు, హిందీ భాషలలో తీసిన 'ఘాజీ' ఈ సంఘటనపై అల్లిన కల్పితకథ. పాటలు, నృత్యములు లేక, ఇరుకు గదులలో, ధ్వనియంత్రపు చప్పుళ్లపై కథ నడపుట మన చిత్రములలో అరుదైన సంయమనము. శత్రువును వెంటనే కొట్టవలెనని తొందరించు కెప్టెనునకును, ఆజ్ఞ లేనిదే కొట్టరాదను అధికారికిని నడుమ వాదము ఇందలి ప్రాణము. నిజముగా చూడదగిన భాగమది. కాని ఎదుటి పడవలోనివారు మాత్రము శత్రువులుగనే మిగిలిపోయిరి. వారి జేబులలో ఏ ఛాయాచిత్రములుండెనో కథ వెదకలేదు.

విశాఖ సముద్రపుటొడ్డున కురుసుర అను మన జలాంతర్గామిని 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంచిరి. సెలవుదినములలో పిల్లలు వరుసలో నిలిచి దాని లోపల తిరుగుదురు. అంత ఇరుకులో ఇందరు ఎట్లుండిరాయని ఆశ్చర్యపడుదురు. ఆ ఒడ్డునుండియే చూచినచో కంటికానని నీటి క్రింద, రేవునకు కొలది దూరమున, ఘాజీయు దానిలోని తొంబదిమందికి పైగా నావికులును నేటికిని ఉన్నారు. గెలిచినవారి పడవ ఒడ్డున, ఓడినవారి పడవ అడుగున. ఒడ్డునున్నదానిని చూచుటకు టిక్కెట్టు చాలును. అడుగుననున్నదానిని చూచుటకు గాంధారి చూపు కావలెను.

కావున యుద్ధ చిత్రములను మానివేయుడని మేము చెప్పము. చూడుడు, పిల్లలను కూడ తగిన యీడున తీసికొనిపోవుడు. చూచి వచ్చునప్పుడు మాత్రము మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఎదుటివానికి ముఖమున్నదా? ఎవరి యింటి గడపయైనను కనబడినదా? మొదట కొట్టిన చప్పట్లు తుదివరకు అట్లే నిలిచినవా, చేతులలోనే ఆగిపోయినవా? వ్రేలు తుపాకిగా చాచి వచ్చు పిల్లవాడు దారిలో నిలిచి, 'ఆ చచ్చిపోయినవాని ఇంట ఎవరెవరుందురు?' అని అడిగినచో, ఆ చిత్రము చూడదగినదే. ఆ టిక్కెట్టు వెల మనకు దక్కినట్లే.